గురువారం దాకా

యాదలక్ష్మిని మంచానికి కట్టేసింది పరాయివాళ్లు కాదు. సొంత తమ్ముడు ఐలేష్. ఇబ్రహీంపట్నం నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడుపుతాడు. కట్టిన తాడు కూడా ఆ ఆటోలోదే, బండి ఆగిపోతే ఇంకో బండికి తగిలించి లాగే నైలాన్ తాడు. గోడ మీద చీమలు పాకుతున్నాయని ఆమె గోళ్లతో గోడను గీకుతోంది, చచ్చిపోయిన మొగుడితో మాట్లాడుతోంది, వదినా అని పట్టుకోబోయిన మరదలు రమ చేయి కొరికింది. గాలి సోకిందన్నారు చుట్టుపక్కలవాళ్లు. మూడో రోజు తాడులో ఉండగానే ఫిట్స్ వచ్చాయి. ఒళ్లు ఎగిరెగిరి పడింది, కుడి భుజం కీలు తప్పింది. ఈ రోజుకూ ఆ చేయి భుజం దాటి పైకి లేవదు.

గాలీ లేదు, దయ్యమూ లేదు. ఆమెను కట్టెయ్యడానికి మూడు రోజుల ముందు ఆబ్కారీ వాళ్లు వచ్చి కల్లు దుకాణానికి సీలు వేశారు. జరిగింది అదే.

యాదలక్ష్మికి నలభై ఎనిమిదేళ్లు. పదిహేడేళ్ల వయసులో నాట్లు వేసి నడుము పడిపోయిన సాయంత్రం తోటి ఆడవాళ్లతో కలిసి మొదటిసారి దుకాణంలో కూర్చుంది. అప్పట్లో అది చెట్టు కల్లే. తర్వాత మొగుడు సాగర్ రోడ్డు మీద లారీ కింద పోయాడు. పొలాలు ప్లాట్లయ్యాయి. నాట్లు పోయి కంకర క్రషర్ పని వచ్చింది, క్రషర్ పోయి ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో పళ్లాలు కడిగే పని వచ్చింది. పని ఏదైనా సాయంత్రం ఒక సీసా, ఒళ్లు మరీ నొప్పిగా ఉన్నరోజు రెండు. ప్లాట్ల కోసం తాటిచెట్లన్నీ కొట్టేశారు, కానీ సీసాలు తగ్గలేదు. చెట్లు లేకుండా ఇంత కల్లు ఎక్కడిదని ఊళ్లో ఎవరూ అడగలేదు. చదువుకున్నవాళ్లకు అది వాళ్ల సంగతి కాదు. తాగేవాళ్లకు సాయంత్రం నిద్ర పడితే చాలు.

ఫిట్స్ వచ్చాక తీసుకుపోతే, ఆ సంగతి మొదట చెప్పింది గురువారం గురువారం సర్కారు దవాఖానకు వచ్చే మానసిక వైద్యురాలు నర్మద.

"మీ అక్క తాగింది కల్లు కాదు. నీళ్లల్ల మత్తు పొడి కలిపి ఇచ్చిండ్రు. ఇన్నేండ్లల్ల మెదడు దానికి అలవాటు పడ్డది. ఒక్కసారే గుంజేస్తే ఇట్లనే అయితది, మనిషి పోయినా పోతది," అంది ఆమె ఐలేష్‌తో. "అదే జాతి మందు గోలీలిస్త. దినానికి మూడుతోని మొదలు. పదిహేను రోజులకోసారి పావు గోలీ తగ్గించాలె. తొందర పడొద్దు, మధ్యల ఆపొద్దు."

దుకాణానికి సీలు వేసినవాళ్లు ఫొటో దిగి పోయారు. పాతికేళ్లుగా అక్కడ తాగుతున్నవాళ్లు మర్నాటి నుంచి ఏమైపోవాలో ఏ కాగితంలోనూ రాసి లేదు. ఆ ఒక్క వారంలో ఆ దవాఖానకు పదకొండు మంది ఇలాగే వచ్చారు. రానివాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు.

యాదలక్ష్మి మాత్రం పట్టుదలగా తగ్గించింది. బడికి పోని మనిషి, పావు గోలీ కొయ్యడం ఎవరూ నేర్పకుండానే పట్టుకుంది. పీట మీద గోలీ పెట్టి, ఎడమ చేత్తో బ్లేడు పట్టి, రెండుగా, రెండును నాలుగుగా కోసేది. ముక్కలను పౌడర్ డబ్బాలో దాచేది. మూడున్నర నెలలకు మూడు నుంచి ఒకటిన్నరకు వచ్చింది. చేతి వణుకు తగ్గింది, హాస్టల్ వాళ్లు మళ్లీ పనిలోకి రానిచ్చారు.

ఆ తగ్గింపును చెడగొట్టింది కూడా ఐలేషే.

ఒక శనివారం తుర్కయాంజాల్ ఆటో స్టాండులో సీరియల్‌లో తన వంతు కోసం కూర్చుని పేపరు తిరగేస్తుంటే, ఎక్కడో కల్లులో కలిపే మత్తు మందు పట్టుబడిందని వార్త కనబడింది. పోలీసులు, వాళ్ల ముందు బల్ల మీద సంచులు, కింద మందు పేరు, డైజెపాం. ఆ పేరు అతనికి తెలుసు. అక్క గోలీల పట్టీ మీద ఉన్న పేరే. పోలీసులు పట్టుకునేదాన్ని దవాఖానలో ఎలా ఇస్తారు, ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడుతున్నారని మనసులో గట్టిగా పడింది. డాక్టరమ్మ అదే జాతి మందని ముందే చెప్పిన సంగతి ఆ కోపంలో గుర్తుకు రాలేదు. ఒకసారి అక్కకు చేసిన ద్రోహాన్ని ఈసారి దిద్దుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. ఇంటికి పోయి గోలీలన్నిటినీ డబ్బాతో సహా మురుగు పారే మోరీలో పారేశాడు.

పనినుంచి వచ్చిన యాదలక్ష్మి గూట్లో వెతికింది.

"నా గోలీలేవి తమ్మీ?"

"మోరీల ఏసిన. గవి మంచియి గావక్కా. కల్లుల కలిపేది గదే, పేపర్ల పడ్డది."

ఆమె గడప మీద కూర్చుంది.

"అదేనని డాక్టరమ్మ ముందే జెప్పింది గద, నీ ముంగట్నే. అన్నీ ఏసినవా?"

"అన్నీ."

"ఇయ్యాల శనివారం. గురువారం దాంక ఎట్లుండాలె నేను?"

ఆదివారం బాగానే ఉంది. సోమవారం పొద్దున చాయ్ గ్లాసు ఆమె చేతిలో టకటకమంది. చెమటలు పట్టాయి. రమ గోడ వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు చూసింది. ఐలేష్ చీటీ తీసుకుని బస్టాండు దగ్గరి మెడికల్ షాపుకు పరుగెత్తాడు. షాపతను వినోద్ కుమార్ ఎరిగినవాడే.

"అన్నా, గీ ముద్ర జూడు. మందులిచ్చినమని దవాఖానోళ్లు కొట్టిండ్రు. నేను మల్లిస్తే రేపు నా షట్టర్‌కు సీలు పడ్తది."

"మోరీల పడ్డయే వినోద్."

"అందరియి మోరీల్నే పడ్తయన్నా. మొన్న ఒకాయన మేక తిన్నదన్నడు."

తుర్కయాంజాల్‌లో రెండు షాపులు తిరిగాడు. ఒకచోట స్టాకే పెట్టడం లేదన్నారు. ఇంకోచోట కౌంటర్ మీది మనిషి అతని కళ్లలోకి వంగి చూశాడు.

"ఖాకీ చొక్క ఏసుకున్నవ్, ఆటోనా? ఇవి మింగి నడుపుతున్నవా?"

వెనక నిలబడ్డవాళ్లలో ఒకరు నవ్వారు. బడంగ్‌పేట్ దాకా పోయినా అదే జవాబు. తనిఖీలు నడుస్తున్నాయి, చీటీ కొత్తది తెమ్మన్నారు. కొత్త చీటీ నర్మద రాయాలి, ఆమె గురువారం గానీ రాదు. పట్నంలో పెద్ద మానసిక దవాఖానకు తీసుకుపోదామంటే, గేటు లోపలికి పోతే ఇక బయటికి రానివ్వరని యాదలక్ష్మి దడుచుకుంది. నిజానికి ఐలేష్ కూడా దడుచుకున్నాడు.

తిరిగి వచ్చేదారిలో కల్లు దుకాణం కనబడింది. సీలు వేసిన నలభై రోజులకే వెనక గల్లీలో వేరే పేరుతో తెరిచారు. చీటీ అడగలేదు, ముద్ర చూడలేదు, కళ్లలోకి ఎవరూ వంగలేదు. ఒకే ఒక ప్రశ్న వేశారు.

"ఎన్ని?"

"ఒకటి," అన్నాడు ఐలేష్.

ఆ సీసా తెచ్చి అక్క ముందు పెట్టాడు. తల ఎత్తలేకపోయాడు.

యాదలక్ష్మి దాన్ని చాలాసేపు చూసింది. మూడున్నర నెలల తర్వాత ఆ వాసన. నోట్లో నీళ్లూరాయి, అది రమకు కూడా కనబడింది.

"ఇందుల మందు ఎంతున్నదో నీకెరుకనా?" అంది తమ్ముణ్ని.

"లేదు."

"పోసినోనికి?"

"వానికీ ఎరుక లేదనుకుంట."

"గోలీ అయితే బ్లేడు వెట్టి కోసుకుంటి. దీన్నేడ కొయ్యాలె?"

 చివరికి ఆమే చాయ్ గ్లాసు తెమ్మంది. పొద్దున సగం, పొద్దుగూకినాక సగం. సీసా రమ దగ్గర ఉండాలి, తను ఎంత బతిమాలినా ఎక్కువ పోయొద్దు, అని ఒట్టు పెట్టించుకుంది. ఒట్టు పెట్టించుకున్న మనిషే మంగళవారం సాయంత్రం ఇంకింత పొయ్యమంది. రమ పొయ్యలేదు. యాదలక్ష్మి రమ తల్లిగారింటిని మొత్తం తవ్వి తిట్టింది. రమ సీసాను బియ్యం డబ్బాలో పెట్టి దాని మీద కూర్చుంది. బుధవారం ఇద్దరూ మాట్లాడుకోలేదు.

గురువారం ఫిట్స్ లేకుండానే దవాఖాన చేరారు. నర్మద అంతా విన్నది. కళ్లజోడు తీసి కాసేపు కళ్లు నలుపుకుంది. అప్పటికే బయట వరుసలో ముప్పై మంది ఉన్నారు.

"తప్పు నాదే మేడం," అన్నాడు ఐలేష్.

"తప్పెవరిదో రాసే జాగ నా చీటీల లేదు. ఇదే మందు ఫిట్స్ వచ్చిన పిల్లల్ని బతికిస్తది, ఇదే మందు నీళ్లల్ల కలిపి ఊరును పండవెడ్తరు. కొలత ఎరుకుంటే మందు, ఎరుక లేకుంటే గిది. ఆ సీసాల ఏమున్నదో, ఎంతున్నదో నాకూ తెల్వది. బతికింది, అదృష్టం. ఇంకోసారి గిట్లయితే గురువారం దాంక ఆగొద్దు, ఏ టైమైనా పెద్ద దవాఖానకు పోవాలె. ఎవ్వరూ కట్టెయ్యరు." చీటీ మీద కొత్త అంకె వేసింది. "మళ్ల రెండున్నర నుంచి."

రెండున్నర అంటే రెండు నెలలు వెనక్కి. యాదలక్ష్మి ఆ చీటీని మడిచి రవికెలో పెట్టుకుంది.  మర్నాడు కొత్త బ్లేడు కొనుక్కుంది. పది రోజులకు రావిర్యాల వైపు ఇంకో హాస్టల్లో పని దొరికింది, వెనక ఒక రేకుల గది ఇస్తామన్నారు. గోలీలు తీసుకుని అక్కడికి మారిపోయింది. నీ ఇంట్లో ఉండనని తమ్ముణ్ని అనలేదు. ఉంటాననీ అనలేదు.

ఎండాకాలంలో ఒకసారి అటు కిరాయి దొరికితే ఐలేష్ హాస్టల్ వెనక ఆగాడు. వాళ్లు ఆఖరుగా కలిసింది అప్పుడే. ఆమె పంపు దగ్గర కూర్చుని ఎడమ చేత్తో గిన్నె తోముతోంది. ఆఖరి పావు ముక్క మింగి ఇరవై రోజులైందని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా మొహంలో సంతోషం ఏమీ కనబడలేదు. అతను అడగలేక అడిగాడు.

"మల్ల తాగాలని బుద్ధయితుందా అక్కా?"

"అయితది. దినాం అయితది," అంది యాదలక్ష్మి. "పొద్దుగూకంగ చేతులు ఖాళీ అయితయి గద, గప్పుడయితది. నిద్ర సుత సక్కగ వస్తలేదు. వస్తె వస్తది, లేకుంటె లేదు. నువ్వు పో తమ్మీ, నీకు గిరాకీ టైము. నాకింక మూడు వందల పళ్లాలున్నయి."