గోడ వైపు తిరిగిన పునీతుడు

సుద్దపొడిలో వేడి జిగురు పోసి కలుపుతుంటే వచ్చే వాసన అందరికీ నచ్చదు. తడిసిన గోడ, మరిగిన పాలు, కాస్త పశువుల కొట్టం కలిసినట్టుంటుంది. ఈ ఉదయం ఫిల్మ్ నగర్‌లోని మా వర్క్‌షాప్‌లో ఆ వాసన లేవగానే కమల మేడం పక్కనే నిలబడ్డారనిపించింది. నాకు పని నేర్పిన ఆర్ట్ డైరెక్టర్ ఆవిడ. భీమవరం మనిషి, నోరు కాస్త పెళుసు. ఆవిడ పోయిన రోజు నేను గోడ వైపు తిప్పేసిన చెక్క పలక మీది బొమ్మ ఇంకా అలాగే ఉంది.

అది ఒక పాట కోసం వేసిన బొమ్మ. ఎప్పుడో స్పెయిన్ వాళ్ళు ఏలిన కొండసీమలో ఒక పల్లె చర్చి సెట్ కావాలన్నారు. ప్రింట్లు అతికించేస్తే ఎవరూ కాదనేవారు కాదు. మేడం ఒప్పుకుంటేగా! అక్కడి జనం చెక్క పలక మీద సుద్ద పూసి, మట్టి రంగులతో తమ పునీతుల్ని, అంటే సెయింట్లని, తామే గీసుకునేవారట. ఆవిడా అలాగే మొదలుపెట్టారు. రైతుల పునీతుడు శాంతంగా ప్రార్థన చేసుకుంటుంటే, ఆయన బదులు దేవదూత నాగలి పట్టి దున్నుతుంటాడు. మా కార్పెంటర్ యాదగిరి చూసి మురిసిపోయాడు.

“గీ సామి మా లెక్క రైతే గద మేడం! దున్నుడు మాత్రం దేవదూతకు అప్పజెప్పిండు.”

“కోరిక తీర్చకపోతే మాత్రం అక్కడి జనం ఈయన్ని ఊరికే వదలరు యాదగిరీ. గోడ వైపు తిప్పి నిలబెడతారు.”

“అరె, దేవునితోని గట్ల అలుగుతరా!”

“మనవాడనుకుంటేనే కదయ్యా అలిగేది,” అన్నారు మేడం.

చివరికి కళ్ళు మిగిలాయి. దేవుడి బొమ్మకు కొబ్బరికాయ కొట్టాకే కళ్ళు వేయడం మా వాళ్ళ ఆనవాయితీ. చర్చి బొమ్మకూ కొట్టాం. మేడం కుంచె ఎత్తారు, చెయ్యి వణికింది. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ వణికింది. ఒంట్లో బాగోలేదని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదావిడ. కుంచె నా చేతిలో పెట్టారు.

“నువ్వు వెయ్యమ్మా.”

“నా వల్ల కాదు మేడం, మొత్తం పాడుచేస్తాను.”

“పాడైతే అవనీ. అక్కడ గీసినవాళ్ళు కాలేజీల్లో నేర్చుకున్నారా ఏంటి? ఇంట్లో ఎవరికో బాగోలేక గీసుకున్నారు. వెయ్యి.”

వేశాను. కుడి కన్ను పెద్దదైపోయింది. దిద్దబోతే మేడం నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఆ వణుకు నా వేళ్ళలోకి వచ్చింది. నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు. అయినా ఆ పెద్ద కన్ను వైపు చూస్తూ, ఈవిడకు నయం చెయ్యి సామీ అని మొక్కుకున్నాను.

సెట్ విప్పే రోజు యాదగిరి ఆ పలకకు రంపం పెట్టనన్నాడు. “కండ్లు దెరిసిన సామిని కొయ్యద్దు. జర ఇంటికి తీస్కపోండి,” అని ఆటో ఎక్కించాడు. యూసుఫ్‌గూడ దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. సిగ్నళ్ళ దగ్గర ఎరుపూ పచ్చా ఆ ముఖం మీద మారుతుంటే, పునీతుడు నిద్రలోంచి మెల్లగా లేస్తున్నట్టు, నేనింకా నిద్రలోనే ఉన్నట్టు అనిపించింది.

మేడం ఆ వేసవి దాటలేదు. కడసారి చూసి వచ్చి, స్నానం చేసి, నేరుగా వెళ్ళి పలకను గోడకు తిప్పేశాను. కోపం, అంతే. వర్క్‌షాప్ పెట్టుకున్నప్పుడు ఇక్కడికీ అలాగే తెచ్చాను.

ఈ ఉదయం జిగురు చల్లారుతుండగా దాన్ని ఇటు తిప్పి దుమ్ము తుడిచాను. అంగీ మడతలు, ఎడ్ల కొమ్ములు, దేవదూత రెక్కలు, అన్నీ మేడం గీతలే. ఆయన మీద అలిగి ఇన్నాళ్ళూ ఆవిడ చేతిని కూడా గోడకు తిప్పి ఉంచాను. ఏడుపొచ్చింది. కుడి కన్ను ఇప్పటికీ పెద్దగానే నన్ను చూస్తోంది. దిద్దుదామని కుంచె తీశాను గానీ నా వల్ల కాలేదు. మేడం నా చెయ్యి ఇంకా వదల్లేదు.