స్టెప్నీ మీద పోసిన నీళ్లు

ఉదయం ఏడుంపావుకి నూజివీడులో తిరువూరు బస్సెక్కాను. టికెట్టు అరవై రూపాయలు. పల్లెవెలుగు. ఎండాకాలం పొద్దున వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోకండి, మాడిపోతారు.

మెకానిక్ ఖాజా ముందురోజు ఫోన్ చేశాడు. షెడ్డు ఖాళీ చేస్తున్నాడట. రెండేళ్లుగా అక్కడ పడున్న మా అక్క కారు తీసుకెళ్తారా, తుక్కుకి ఇచ్చేయమంటారా అని అడిగాడు. ఇప్పుడు నూజివీడులో మాతోనే ఉంటున్న అక్క ఎలాగైనా ఇంటికి తెమ్మంది. నాకు మాత్రం అది తుక్కులో కలిసిపోతేనే బాగుండునని ఉంది.

పక్కసీటు పెద్దావిడ ఆధార్ కార్డు చూపించి ఉచిత టికెట్టు తీసుకుంది. నా పని విని, "బస్సులో వెళ్లి కారులో వస్తావా? రాజావే నాయనా" అంది. విస్సన్నపేటలో బస్సు పది నిమిషాలు ఆగింది. నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను.

తొమ్మిదింటికి తిరువూరు. బస్టాండు ఎదుట ఇడ్లీ, అల్లం చట్నీ బాగున్నాయి. నేనే సగం వదిలేశాను. అక్కణ్ణించి గంపలగూడెం రోడ్డులోని షెడ్డుకి షేరాటో.

మా బావ పెనుగొలనులో బడిపంతులు. ఇంటికి ఎవరొచ్చినా ఆ కారు చరిత్ర చెప్పేవారు. వానలో కుటుంబమంతా ఒకే స్కూటరు మీద తడుస్తూ పోవడం చూసి, ఓ కార్ల కంపెనీ పెద్దాయన మనసు కరిగి చేయించిన బండి అనేవారు. చిన్న బండిలో నలుగురికీ చోటు దొరకాలని ఇంజను వెనక పెట్టారట, ఆటోకి ఉన్నట్టే. చవక కారని పేరు పడ్డాక జనం ఎక్కడానికి నామోషీ పడ్డారనీ, చివరికి తయారీ ఆపేశారనీ చెప్పి నిట్టూర్చేవారు. నేను ఊ కొట్టేవాణ్ణి. ఒక్క ముక్కా చెవికెక్కించుకోలేదు.

రెండేళ్ల కిందట, అక్క ఊళ్లో లేక నేను వాళ్లింట్లో ఉన్న రోజున బావకి గుండెనొప్పి వచ్చింది. వెనకసీట్లో పడుకోబెట్టి నూజివీడు ఆసుపత్రికి బయల్దేరాను. ఆ బండి నడపడం నాకదే మొదలు. విస్సన్నపేటలో వేడెక్కి ఆగిపోయింది. ముందు మూత తీసి, జనం బిందెలతో తెచ్చిన నీళ్లన్నీ అక్కడే పోయించాను. బావకి మాట రావడం లేదు. చెయ్యి వెనక్కి చూపిస్తున్నారు. ఇంటికి తిప్పమంటున్నారేమో అనుకున్నాను. అరగంటకి ఓ ఆటో అతను వచ్చి, ఇంజను వెనకుంది కదండీ అన్నాడు. అతని ఆటోలోనే ఎక్కించాం. నూజివీడు చేరేసరికి అంతా అయిపోయింది. అక్కకి ట్రాఫిక్‌లో ఆలస్యమైందనీ, కారు ఆ తర్వాత చెడిందనీ చెప్పాను.

ఖాజా వెనకసీటు ఎత్తి ఇంజను చూపించాడు. పోయింది ఒక్క నీళ్ల పైపేనట, మార్చేశాడు. ముందు మూత ఎత్తితే స్టెప్నీ రిమ్ము తుప్పు పట్టి ఎర్రగా ఉంది.

"ఇక్కడ నీళ్లెవరు పోశారు సార్?"

"నేనే" అన్నాను. రెండేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

అతను మూత మెల్లగా దించాడు. "అక్కగారికి తెలుసా?"

తెలియదన్నాను. తుక్కు బండి సందు చివర ఆగి ఉంది. దానికేసి చూసి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "మీ ఇష్టం సార్" అన్నాడు.

పదకొండున్నరకి కారు తీశాను. వెనకనించి ఒకటే హోరు. విస్సన్నపేటలో అదే చోట పక్కకి ఆపి అక్కకి ఫోన్ చేశాను. మూత, బిందెలు, బావ చెయ్యి, అన్నీ చెప్పేశాను. నా గొంతు వింటే నాకే అసహ్యమేసింది.



"కొన్న రోజు పూజలో ఇంజనుకని నేనూ ముందు మూతకే బొట్టు పెట్టానురా" అంది అక్క. "మీ బావ పడీపడీ నవ్వి, వెనక్కి తీసుకెళ్లి చూపించారు. నీకు చూపించాలని నాకు తట్టనేలేదు."

ఏడుస్తోందని తెలుస్తోంది.

"ఇప్పుడెక్కడున్నావు?"

చెప్పాను.

"అక్కడ ఆగొద్దురా. వచ్చెయ్" అంది.

తిరువూరు నుంచి నూజివీడు గంటన్నర దారి. రెండేళ్ల కిందట ఆగిపోయిన చోటు నుంచి మిగతా దారంతా ఈసారి ఎక్కడా ఆగకుండా నడిపాను. వెనకసీటు ఖాళీగా ఉంది.