ఊగే గూడు

భీమశంకరం గారితో కలిసి ఏదైనా వస్తువు కొనడానికి వెళ్లడమంత విసుగు పని ఇంకోటి లేదు. రైస్ కుక్కర్ కొనడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. పాత కారు కొనడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా ఆయన్ని ఆఫీసుకు దించి, మళ్లీ సాయంత్రం ఎక్కించుకొచ్చింది నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మేమిద్దరం ఒకే అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో ఉంటాం. నేను కింద, ఆయన పైన. నాది హనుమకొండ, ఆయనది రాజమండ్రి. వయసు యాభై రెండు. దగ్గర్లోనే లాస్ కొలీనస్‌లో నేను పనిచేసే కంపెనీలోనే టెస్టింగ్ చేస్తారు, అంటే వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆయన ఉద్యోగం. పదిహేనేళ్లుగా అదే పని, అదే హెచ్ వన్ వీసా, గ్రీన్ కార్డు కోసం అదే లైను. ఆ పని ఆయన ఒంటికి ఎంత పట్టిందంటే, మా ఇంట్లో పప్పు తిని కూడా తప్పు ఎక్కడ జరిగిందో ఆరా తీస్తారు.

"ఒకసారికి ఒక్కటే మార్చాలండి రఘుగారూ," అంటారు. "ఈసారి చింతపండు మార్చి చూడండి. వచ్చేసారి ఉప్పు. రెండూ ఒకేసారి మార్చేశారనుకోండి, తప్పు దేంట్లో ఉందో ఇంక దొరకదు."

ఆయనకు కోపం తెప్పించే మాట ప్రపంచంలో ఒక్కటే ఉంది. ఫలానా తప్పు ఉందని చూపిస్తే, రాసినవాడు తన కంప్యూటర్‌లో చూసుకుని, "నా దగ్గర బాగానే ఉందే" అంటాడు చూడండి, ఆ మాట. అది విన్నరోజు కార్లో ఇంటిదాకా తిడుతూనే ఉండేవారు.

అలాంటి మనిషి ఈ ఫిబ్రవరిలో బైనాక్యులర్స్ కొనాలని బయల్దేరారు. కారణం వాళ్లమ్మాయి నిధి. లెవెన్త్ గ్రేడ్ చదువుతోంది, స్కూల్లో పక్షుల క్లబ్బులో ఉంది. మాకు పది నిమిషాల దూరంలో ఉన్న లేక్ అవతలి ఒడ్డున, ఒక పెద్ద చెట్టు మీద బాల్డ్ ఈగిల్ అనే తెల్లతల గద్దల జంట గూడు కట్టిందనీ, గుడ్లు పొదిగి పిల్లల్ని చేసిందనీ చెప్పింది. దగ్గరకు వెళ్లనివ్వరు, తాడు కట్టేశారు. ఇవతలి ఒడ్డు నుంచి మామూలు కంటికి ఆ గూడు చెట్టులో ఇరుక్కున్న కట్టెల మోపులా కనిపిస్తుంది, అంతే.

"ఏప్రిల్ ఎండ్‌లో బేబీస్ ఫ్లై చేస్తాయి, డాడీ," అంది నిధి. "నువ్వు నాతో చూడాలి. నెక్స్ట్ ఇయర్ స్ప్రింగ్ నేను కాలేజ్ విజిట్స్‌లో బిజీ ఉంటాను."

కూతురు తనతో కలిసి ఏదో చూద్దామని పిలిచి చాలా కాలమైంది. భీమశంకరం గారు మూడు వారాల పాటు రివ్యూలు చదివారు. ఎక్సెల్ షీటు వేశారు. ట్వెల్వ్ బై ఫిఫ్టీ అంటే మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో, అన్నీ నాకు పాఠం చెప్పారు. పాఠమంతా విని నేనిచ్చిన సలహా ఒక్కటే.

"అన్నా, నంబర్ ఎంత పెద్దగుంటే అంత మంచిది. ఇండ్ల ఆలోచించేదేముంది?"

ర్యాంకులూ పర్సంటేజీలూ చూసుకుని పెరిగినవాళ్లం కదా, మాకు ఇంకో రకంగా తోచదు. మా డీల్స్ వాట్సాప్ గ్రూపులో ట్వంటీ బై ఎయిటీ ఒకటి సగం ధరకు వచ్చింది. వాపసు తీసుకోరని కింద చిన్న అక్షరాల్లో ఉంది. నేనే ఫార్వర్డ్ చేశాను.

"ఇరవై రెట్లండి!" అన్నారు ఆయన, పెట్టె విప్పుతూ. చేతిలో పసిబిడ్డంత బరువుంది.

ఆ శనివారం పొద్దున లేక్ దగ్గరకు వెళ్లాం. ఆయన చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నాకిచ్చారు. నేను చూస్తే గూడు పైకీ కిందికీ, ఈ చివరి నుంచి ఆ చివరికీ ఎగిరెగిరి పడుతోంది.

"మీకూ ఊగుతోందాండి?"

"ఊగుడా? భూకంపం వచ్చినట్టుందన్నా!"

ఆయన పడీపడీ నవ్వారు. కొన్న వస్తువు పనికిరానిదని తేలితే అంత సంతోషించే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఎందుకంత సంతోషమో అడగాలని కూడా నాకు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే ఒకటి పీకాలనిపిస్తుంది.

ఆయన మళ్లీ చదివారు. పది రెట్లు దాటితే ఎవరి చేతిలోనైనా బొమ్మ నిలవదని, స్టాండు మీద పెట్టుకోవాల్సిందేనని తేల్చారు. "అంచేత అంకె తగ్గిద్దామండి," అన్నారు. ఈసారి వాపసు తీసుకునే షాపులోనే ట్వెల్వ్ బై ఫిఫ్టీ కొన్నారు. మా వాళ్లకు అమెరికాలో అన్నిటికంటే నచ్చిన సదుపాయం ఈ రిటర్న్ కౌంటరే. పండక్కి టెంటు కొని, పండగయ్యాక వాపసిచ్చే మహానుభావులున్నారు మా కమ్యూనిటీలో. భీమశంకరం గారు అలాంటివారు కారు. ఆయన తప్పు ఉంటేనే వాపసిస్తారు. ఆ ట్వెల్వ్ బై ఫిఫ్టీలో కూడా గూడు ఊగింది. నాకు కొంచెం ఊగింది, ఆయనకు ఎంత ఊగిందో నాకు తెలియదు. అది ఇచ్చేసి టెన్ బై ఫార్టీటూ తెచ్చారు.

మార్చి చివరి ఆదివారం. నిధి క్లబ్బు వాళ్లతో ఒడ్డు వెంబడి దూరంగా వెళ్లింది. వాళ్లావిడ సుధక్క ఫ్లాస్కులో ఇచ్చి పంపిన టీని ఆయన నాకు కప్పులో పోస్తుంటే సగం బల్ల మీద పోయింది. అప్పటికి రెండు నెలలుగా ఆయన చొక్కా పైగుండీ పెట్టుకోవడం లేదు. ఆఫీసులో ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని కూర్చునేవారు. అవన్నీ నేను చూశాను. చూసి, "ఏందన్నా, కొత్త స్టైలా?" అని ఎగతాళి కూడా చేశాను.

ఆయన బైనాక్యులర్స్ నాకిచ్చారు. నేను కళ్లకు పెట్టుకున్నాను.

గూడు కదల్లేదు. గోడకు కొట్టిన ఫోటోలా నిలబడింది. తల్లి తెల్లటి తల వంచి చేపను చీలుస్తోంది. పక్కన రెండు నల్లటి పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అంత అందమైన దృశ్యం నేను ఈ దేశంలో చూడలేదు. బైనాక్యులర్స్ దించేసరికి ఆయన నా మొహంలోకే చూస్తున్నారు.

"ఊగుతోంది కదండీ?"

నిజం చెబితే సరిపోయేది. కానీ నాకు మొహమాటం. పెద్దమనిషి అలా ఆశగా అడుగుతుంటే కాదని ఎలా అంటాం?

"ఊగుతుందన్నా," అన్నాను. "మస్తు ఊగుతుంది."

"ఆయ్! అదీ సంగతి," అన్నారు. ఆ మొహం వెలిగిపోయింది.

దాన్నీ వాపసిచ్చి, ఇంక కిందికి పోవడానికి లేని ఎయిట్ బై ఫార్టీటూ తెచ్చుకున్నారు. రెండు రోజుల తర్వాత ఆఫీసు నుంచి వచ్చి నేను బూట్లు విప్పుతుంటే తలుపు తట్టారు. చేతిలో పెట్టె ఉంది.

"ఇదీ డిఫెక్టివ్ పీసేనండి. మీరు కూడా రావాలి. ఇన్నిసార్లు వాపసిస్తే వాళ్లు నన్ను అనుమానిస్తారు. మీరు సాక్ష్యం."

రానని చెప్పడానికీ మొహమాటమే. వెళ్లాను.

కౌంటర్లో ఉన్నావిడకు అరవై దాటి ఉంటాయి. ఏమిటి ఇబ్బందని అడిగింది. బొమ్మ ఊగుతోందని ఆయన చెప్పారు. ఆవిడ పెట్టె విప్పి, బైనాక్యులర్స్ తీసి, షాపు అవతలి గోడ మీద తగిలించిన జింక తలకేసి చూసింది. తీరుబడిగా చూసింది.

"నాకు బాగానే ఉందే," అంది.

భీమశంకరం గారికి కోపం వచ్చింది. పదిహేనేళ్లుగా ఆయన్ని మండించిన మాట అదే మరి. "రఘుగారూ, మీరు చెప్పండి ఆవిడకి. మీరూ చూశారు కదా?" అన్నారు తెలుగులో.

నేను చెప్పలేదు. నేల చూశాను.

మా వెనక లైన్లో టోపీ పెట్టుకున్న ముసలాయన ఉన్నాడు. ఆవిడ ఆయనకు ఇచ్చి ఒకసారి చూడమంది. ఆయన చూసి, జింక కంటిలో దుమ్ము కూడా కనిపిస్తోందని నవ్వాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. నవ్వుతూనే తిరిగిచ్చాడు. అప్పుడు ఆవిడ చూపు కౌంటర్ మీద ఉన్న భీమశంకరం గారి కుడి చేతి మీద పడింది. ఆ చెయ్యి కింద రసీదు కాగితం సన్నగా చప్పుడు చేస్తోంది. ఆవిడ గొంతు తగ్గించి, ఇంకా వాపసు ఇవ్వాలనుకుంటున్నారా అని అడిగింది.

ఆయన చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నారు. "నో, ఐ విల్ కీప్ ఇట్," అన్నారు.

పెట్టె పట్టుకుని కారెక్కాం. హైవే ఎక్కాక ఆయనే అన్నారు. "ఒకసారికి ఒక్కటే మార్చుకుంటూ వచ్చానండి. నాలుగు మార్చాను. మారనిది ఒక్కటే మిగిలింది."

"అన్నా, అట్ల ఏం కాదు..."

"రెండోదానికే నాకు అనుమానం వచ్చిందండి. మూడోది చూసి మీరు ఊగుతోందన్నారు. ఆ మాట పట్టుకుని ఇన్నాళ్లు హాయిగా ఉన్నాను."

అది నిందో, కృతజ్ఞతో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాతి వారం వెళ్తే డాక్టర్ ఆయన్ని నడిపించి చూశాడట. వేళ్లు ఆడించమన్నాడట. కాగితం మీద సున్నాలు చుట్టించాడట. పార్కిన్సన్స్ అన్నాడు. మందులతో కొంత అదుపులో ఉంటుంది, పోవడమంటూ ఉండదు. సుధక్క పార్కింగ్ లాట్‌లో నన్ను ఆపి చెప్పింది ఈ సంగతి.

"ఇన్సూరెన్స్ ఉజ్జోగంతో, ఉజ్జోగం వీసాతో... ఒకటి లాగితే అన్నీ వచ్చేస్తాయి, తమ్ముడూ. ఆఫీసులో ఎవరికీ తెలియనివ్వకు," అంది. "నిధికి మేలో పరీక్షలు. అయ్యాక చెప్తారంట. పిల్ల ముందు పొరపాటున కూడా అనకు."

అననన్నాను. అంతకంటే నేను చేయగలిగింది ఏముంది? డీలు ఫార్వర్డ్ చేయగలను, కారు నడపగలను, టీ పోయగలను. మనిషి కళ్లముందు అరిగిపోతుంటే చేసే పని ఒక్కటీ నాకు రాదు.

చివరికి వెళ్లి మంచి స్టాండు ఒకటి కొన్నాను. వాళ్ల అల్మారాలో పడి ఉన్న ట్వంటీ బై ఎయిటీని బయటకు తీయించాను. స్టాండు మీద బిగిస్తే అది ఊగదు కదా. ఏప్రిల్ చివరి శనివారం పొద్దున్నే నేనూ ఆయనా ముందుగా లేక్‌కు వెళ్లి బిగించాం. ఆయన వంగి చూశారు. బొమ్మ మసగ్గా ఉందని మధ్యలో ఉన్న చక్రం మీద వేలు పెట్టారు. వేలు తగలగానే స్టాండుతో సహా మొత్తం వణికింది. వేలు తీసేశారు. ఆగింది. మళ్లీ పెట్టారు. వణికింది. ఆయన రెండు చేతులూ జాకెట్ జేబుల్లో దోపుకున్నారు. ఆ టెక్సస్ ఎండలో జాకెట్ ఎందుకు వేసుకొచ్చారో నాకు అప్పుడర్థమైంది.

నిధి వచ్చింది. దాని కంటి పవర్ మైనస్ ఐదు. కళ్లద్దాలు నెత్తి మీదకు తోసుకుని, చక్రం తన కంటికి తగ్గట్టు గిరగిరా తిప్పేసింది.

"ఓ మై గాడ్! ఒక బేబీ ఎడ్జ్ మీద ఉంది! డాడీ, రా, ఫాస్ట్. ఇప్పుడు నో షేకింగ్."

ఆయన వెళ్లి వంగారు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

"క్లియర్ ఉందా? లేకుంటే ఆ వీల్ తిప్పు, డాడీ."

"అబ్బే, చాలా క్లియర్‌గా ఉందమ్మా."

ఆయన తనకిచ్చేసిన ఎయిట్ బై ఫార్టీటూ మెడలోంచి అందుకుని నిధి ఆయన భుజానికి ఆనుకుని నిలబడింది. ఒడ్డున పాతికమంది అటే చూస్తున్నారు. ఉన్నట్టుండి అందరూ ఒక్కసారి అరిచారు. అవతలి చెట్టు మీద నుంచి నల్లటిదేదో తూలి, నీళ్లకు కొంచెం పైన సర్దుకుని, పక్కకు తిరిగిపోయింది.

"చూసావా డాడీ? నువ్వు చూసావా?" నిధి ఏడుస్తోంది, నవ్వుతోంది.

"చూశానమ్మా. ఎంత బాగా ఎగిరిందో!"

అది తండ్రిని గట్టిగా కావలించుకుంది. ఆయన చేతులు బయటకు తీయలేదు. దాని నెత్తి మీద గడ్డం ఆనించి నిలబడ్డారు.

నేను వంగి చూశాను. గూడు లేదు, కొమ్మలు లేవు. నీలం మీద ఒక గోధుమరంగు మరక తప్ప ఏమీ లేదు. నిధి కంటికి సరిపోయేట్టు తిప్పిన అద్దంలో, ఇంకెవరికీ ఏమీ కనిపించదు. అందరం రెండు నెలలు ఎదురుచూసిన ఆ క్షణమంతా ఆయన ఈ మరకనే చూశారు.

ఒక్క వేలితో చక్రం తిప్పితే సరిపోతుంది. నా వేలు దానిమీదే ఉంది.

"మీకెలా ఉందండి, రఘుగారూ?" వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. నిధి కూడా నాకేసే చూస్తోంది.

"క్లియర్‌గ ఉందన్నా," అన్నాను, వేలు తీసేస్తూ. "మస్తు క్లియర్‌గ ఉంది."