మాకు పొయ్యని పాలు

మా పక్కింటి వదిన మొన్న శుక్రవారం బెజవాడ ఆసుపత్రిలో పోయింది. నాలుగు రోజులు విరేచనాలు, ఆపైన జ్వరం, అంతే. ముప్పై ఏళ్లుగా నూజివీడులో మా వీధంతటికీ పాలు పోసిన మనిషి.

పితికే ముందు గేదె పొదుగు కడిగి కొంగుతో తుడిచేది. ఆ కొంగుతోనే మొహమూ తుడుచుకునేది. మొదటి చెంబు గుమ్మపాలు నురగతో అక్కడే గటగటా తాగేది. "కాచావంటే బలమంతా ఆవిరైపోద్దొదినా" అనేది. నేనేమో మూడు పొంగులు రానిస్తేగానీ దించను. వాసన చూస్తాను, మళ్లీ చూస్తాను. "పోలీసోళ్లు కుక్కని మానేసి నిన్ను పెట్టుకోవాలి" అని వీధంతా వినపడేలా నవ్వేది. ఏనాడూ చుక్క నీళ్లు కలపలేదు. నా కోడలు పురిట్లో ఉన్నన్నాళ్లూ అడక్కుండానే సోలెడు ఎక్కువ పోసింది.

ఈ వేసవిలో, మామిడికాయ కోతలప్పుడు, గేదెకి పొదుగువాపు వచ్చింది. పశువుల డాక్టరుగారు ఐదు రోజులు సూదులు వెయ్యమన్నారు. మందు పాలల్లోకి దిగుద్ది, కాచినా పోదు, ఎవరికీ పొయ్యొద్దన్నారు. వదిన రెండు రోజులు వేసి, వాపు తగ్గింది కదా అని ఆపేసింది. మిగిలిన సూదిమందు ఇంకోసారికని గూట్లో దాచింది. ఎప్పుడూ అంతే.

నా భయం నాది. గోడ దగ్గరికెళ్లి, "వదినా, ఆ పాలు మాకు పొయ్యకు. పారబొయ్యి" అన్నాను.

"నీకే కాదు, ఎవరికీ పొయ్యను. దేవుడిచ్చిన పాలు మట్టిలో పోస్తారా ఎవరైనా? నేనే తాగుతా. నాకూ సూది వేసినట్టుంటది, రోగాలు రావు" అంది.

తాగింది. పచ్చివే, పూటకో చెంబు.

ఆసుపత్రిలో డాక్టరుగారు గేదె జబ్బు, పచ్చిపాల సంగతి విని, రిపోర్టు చూసి, "గేదెకి సూదులు మధ్యలో ఆపారా?" అని అడిగారు. వదిన కోడలు తలూపింది. "చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకి రాటుదేలాయమ్మా. పాలతో లోపలికెళ్లి రక్తంలో కలిశాయి. ఏది ఎక్కించినా లొంగట్లేదు" అన్నారు. "కాచి తాగుంటే చాలు, ఆ క్రిములు చచ్చేవి" అని కూడా అన్నారు.

నేనక్కడే ఉన్నాను. మాకు పొయ్యొద్దన్నాను, పారబొయ్యమన్నాను. కాచుకుని తాగవే అని మాత్రం అనలేదు. నవ్వుద్దని. ముప్పై ఏళ్లు నా గిన్నె ఒక్కటే పొంగించుకున్నాను.

సమాధి చేసి వచ్చేసరికి గేదె అరుస్తోంది, పొదుగు రాయిలా బిగిసిపోయి. వదిన కోడలు ఏడుస్తూనే పితికి, బకెట్టుతో నా దగ్గరికొచ్చింది. "పెద్దమ్మగారూ, వీటినేం చెయ్యమంటారు?"

మామిడిచెట్టు పాదులో పొయ్యమన్నాను. పోసింది. తెల్లగా నిలబడిపోయాయి, ఇంకవు. ఎప్పుడు పలుపు తెంపుకుందో, దూడ పరిగెత్తుకొచ్చి పాదులో మూతి పెట్టింది. కాయలు కోసే చిక్కం కర్ర తీసుకుని దాని మూతి మీద కొట్టాను. పోలేదు. మళ్లీ కొట్టాను. ముట్టెంతా బురద, కళ్లల్లో నీళ్లు, అయినా పాలకేసి నాలుక చాపుతూనే ఉంది.