పసుపు పూసిన సిలిండర్

బోధన్ వైపు చాయ్ తాగడం నాకు చేతకాదు. అక్కడ చాయ్‌లో చక్కెర వేయరు, చక్కెరలో కాస్త చాయ్ పోస్తారు. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా ఆ చేతులకు ఇంకా కబురు అందినట్టు లేదు.

మా మేనత్తది బోధనే. ఆమె మాక్లూర్‌లో మా ఇంటికి వచ్చినప్పుడల్లా అవ్వ, అంటే మా అమ్మ, కట్టెల పొయ్యి మీద చాయ్ పెట్టేది. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "పొగ గూడ పాలల్ల పోసినట్టున్నవ్ మరదలా" అంటూ తాగేది.

చేన్ల కట్టెలు ఊరికే దొరుకుతుంటే గ్యాస్ ఎందుకన్నది బాపు లెక్క. అందుకే మా వాడలో అందరికన్నా చివర గ్యాస్ వచ్చింది మాకే. మొదటి చాయ్ మాత్రం అత్తకే ఇయ్యాలని అవ్వ పట్టుబట్టింది. అప్పటిదాకా స్టవ్ మీది ప్లాస్టిక్ కవర్ కూడా తీయనివ్వలేదు.

సిలిండర్‌కు దిగిన రోజే పూజ అయింది. బండి కొన్నా, బోరుకు మోటార్ బిగించినా పసుపు పెట్టనిదే మా ఇంట్లో ఏదీ మొదలుకాదు. పైగా సొంత చేని పసుపాయె, చెయ్యి వెనక్కి పోదు. అవ్వ పైన మూత తీసి మరీ ముద్దగా పెట్టింది. "మొఖం ఇడిసిపెట్టి పెయ్యికి పెడ్తరా?" అంది. దండ కూడా వేసింది.

ఆదివారం అత్త వచ్చింది. బాపు రెగ్యులేటర్ పెట్టబోయాడు. అది సరిగ్గా కూర్చోలేదు. పసుపు వాల్వ్‌లోకి దిగి గట్టిపడింది.

డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన నేను ఊరుకోలేకపోయాను. ముడిచమురు నుంచి పెట్రోలు, డీజిలు తీసేటప్పుడు వచ్చే గ్యాసే ఇదనీ, ఒకప్పుడు పనికిరాదని తగలబెట్టేవాళ్లనీ, దీనికి సొంత వాసన లేదనీ, లీకైతే తెలియాలని ఆ వాసన కలుపుతారనీ చెప్పాను.

"పసుపు ఎట్ల తియ్యాల్నో గూడ సదివినవా?" అన్నాడు బాపు.

అది సిలబస్‌లో లేదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, మూత పెట్టి ముట్టకుండా ఉంచండి, రేపు మనిషి వస్తాడన్నారు.

అవ్వ పెరట్లోకి పోయి పాత పొయ్యి ముట్టించింది. అవసరానికి మించి ఊదింది. కాసేపటికి ఎర్రబడ్డ కళ్లతో గ్లాసు తెచ్చి అత్త చేతిలో పెట్టి, అక్కడే నిలబడింది.

అత్త ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఒక గుక్క తాగింది. దండ వేసుకుని కూర్చున్న సిలిండర్‌ను చూసింది. పొగ మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని మేం చూస్తున్నాం.

"గ్యాస్‌కు పసుపు పెట్టినవ్, పూలు పెట్టినవ్" అంది అత్త. "చాయ్‌ల చక్కెర ఎయ్యలే."