సాయమ్మ చూపించిన నేల

2022 వానకాలంలో తాండూరు దగ్గర నేను చేసిన ఒక ల్యాండింగ్ గురించి పేపర్లో వచ్చింది. మా సంస్థ ప్రశంసాపత్రం ఇచ్చింది. కొత్త పైలట్ల క్లాసుల్లో ఆ కథ నేనే చాలాసార్లు చెప్పాను. అందులో అసలైన ముక్క అబద్ధం. జరిగింది ఇది.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఎయిర్ అంబులెన్స్ హెలికాప్టర్ నడిపేవాణ్ణి. ఆ రోజు మధ్యాహ్నం కాల్ వచ్చింది. మంజుల అనే ఎనిమిది నెలల గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తున్నాయి. వాన రెండు రోజుల కింద ఆగినా వాగులు తగ్గలేదు. తాండూరు నుంచి వికారాబాద్ వైపు బయలుదేరిన అంబులెన్స్‌కు ముందు దారి తెగింది, తిరిగేలోపు వెనక దారీ తెగింది. మధ్యలో, షాబాద్ బండల పాలిషింగ్ యూనిట్ల దగ్గర ఆగిపోయింది.

తెలియని చోట దిగాలంటే మేం రెండుసార్లు చుట్టాలి. మొదటిది హై రెక్కీ: ఎత్తులోంచి తీగలు, చెట్లు, గాలి చూసుకోవడం. రెండోది లో రెక్కీ: బాగా కిందికి వచ్చి నేల ఎట్లాంటిదో చూడడం. అనంతగిరి గుట్టల మీద మబ్బు దిగుతోంది. ఆలస్యమైతే వెనక్కి పోయే దారి మూసుకుపోతుంది. నేను రెండోది వదిలేశాను.

దానికంటే పెద్ద తప్పు అంతకు ముందే చేశాను. అంబులెన్స్ టెక్నీషియన్ ఫోన్లో, "సర్, పేషెంట్ వాళ్ళమ్మ ఇక్కడే పని చేస్తదంట. దిగే జాగ చెప్తానంటున్నది, ఫోన్ ఆమెకు ఇయ్యాల్నా?" అన్నాడు.

"అవసరం లేదు. పైనుంచి నేను చూసుకుంటా" అన్నాను.

పైనుంచి చూస్తే తెల్లగా, చదునుగా, సిమెంటు పోసినట్టు పెద్ద జాగా కనిపించింది. ఒక్క చెట్టు లేదు, తీగ లేదు. దాని అంచున ఒకామె రెండు చేతులూ ఊపుతోంది. హెలికాప్టర్ చూసి చేతులూపని ఊరు నేను చూడలేదు. ఆమెనూ అట్లాగే లెక్కేసి కిందికి దిగసాగాను.

ఆమె ఊపడం ఆపేసింది. చీర ఎగ్గట్టి, ఆ తెల్లని నేల మీదికి, సరిగ్గా నేను దిగబోయే చోటికి నడిచొచ్చింది.

"ఈమెకు మతి ఉందా?" అని నేను తిట్టుకుంటున్నాను. వెనక నుంచి మా డాక్టరమ్మ ఇంటర్‌కమ్‌లో అరిచింది: "కెప్టెన్, ఆమె మునుగుతోంది!"

మోకాళ్ళ దాకా. మరో అడుగు వేసింది, తొడల దాకా. మా రెక్కల గాలికి ముఖం నిండా తెల్ల బురద కొడుతున్నా, తలెత్తి, రెండు చేతులూ అడ్డంగా పెట్టి నిలబడింది. తర్వాత ఒక చేయి చాచి పక్కన క్వారీ వైపు చూపించింది.

అది నేల కాదు. బండ కోసేటప్పుడు, నున్నగా తీసేటప్పుడు నీళ్ళతో పాటు కారే రాతిపొడి. గుంటలో నింపితే పైపొర ఎండి గట్టిగా కనిపిస్తుంది, లోపలంతా పలచని బురద. నేను దిగి ఉంటే ఒక పక్క స్కిడ్, అంటే హెలికాప్టర్ నిలబడే కింది కమ్మీ, కుంగి, రెక్కలు నేలను కొట్టి, అందరం అక్కడే పోయేవాళ్ళం.

మళ్ళీ పైకి లేపాను. ఆమె చూపించిన చోట పరుపుబండ, రాయి తీసేసిన, నీళ్ళు నిలవని క్వారీ అడుగు. దాని మీద ఒక్క పెచ్చు లేకుండా ఊడ్చి ఉంది. చీపుర్లు పట్టుకుని ఐదారుగురు ఆడవాళ్ళు దూరంగా నిలబడ్డారు.

మంజులను ఎక్కిస్తుంటే, తాడు వేసి బయటికి లాగిన ఆమెను తీసుకొచ్చారు. తల నుంచి కాళ్ళ దాకా తెలుపు, కళ్ళు మాత్రమే నలుపు. సాయమ్మ, మంజుల తల్లి. నా భయం కోపమై బయటికొచ్చింది.

"ఏమమ్మా, రెక్కల కింద నిలబడతారా? చచ్చేదానివి గదా!"

"నేనొక్కదాన్నే పోతుంటి గద సారు. నువ్వు దిగుంటే నా బిడ్డకు వచ్చిన మోటరు గూడ పోతుండె. జర జల్ది నడువు."

ఒకరికి చోటుంది, రమ్మన్నాను. "అల్లుణ్ణి తోల్కపో. నా మీద బురదే మనిషంత బరువుంది" అని కూతురి నుదురు తాకబోయి, చేయి చూసుకుని ఆగింది. మోచేతి వెనక శుభ్రంగా మిగిలిన చోటుతో తాకింది.

తల్లీబిడ్డా బతికారు.

రిపోర్టులో నేను రాసింది: "లో రెక్కీలో నేల మెత్తగా ఉన్నట్టు గుర్తించి, ప్రత్యామ్నాయ స్థలం ఎంచుకున్నాను." సాయమ్మ పేరు ఎక్కడా లేదు. డాక్టరమ్మ అది చదివి, ఒకసారి నా వైపు చూసి, కాగితం తిరిగిచ్చింది. క్లాసుల్లో ఇంకా ముందుకు పోయాను. మెత్తటి నేల రంగు పైనుంచి వేరుగా కనిపిస్తుందని, కళ్ళకు అలవాటు చేసుకోవాలని చెప్పాను.

రెండేళ్ళకు నా క్లాసులో కూర్చున్న ఒక పైలట్, వేరే జిల్లాలో ఎండిన కుంట మీద దిగాడు. స్కిడ్ కుంగి హెలికాప్టర్ పక్కకు ఒరిగింది. లోపల పేషెంట్ లేకపోవడం అదృష్టం. అతని భుజం ఎముక విరిగింది. చూడ్డానికి పోతే అన్నాడు: "సర్, మీరు చెప్పినట్టే రంగు చూశాను. గట్టిగానే కనిపించింది. నాకే ఇంకా మీ కన్ను రాలేదు."

ఆ వారమే తాండూరు రిపోర్టును జరిగింది జరిగినట్టు సరిచేసి ఇచ్చాను. కొన్నాళ్ళు నన్ను ఎగరనివ్వలేదు. అది న్యాయమే.

ఆ ఖాళీలో తాండూరు పోయాను. నేను పుట్టి పెరిగింది వికారాబాద్‌లో. మా ఇంట్లో, బడిలో, ఆస్పత్రిలో నేలంతా ఈ బండలే. వాటిని నున్నగా చేసేటప్పుడు రాలిన పొడి ఎక్కడికి పోతుందో నలభై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

సాయమ్మ మిషన్ దగ్గర నీళ్ళు కొడుతోంది. జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వింది. "గా ముచ్చట నాకెందుకు చెప్తవ్ సారు? బురదల నిలబడ్డది నేనే గద, నాకు తెల్వదా? గా భుజం ఇరిగిన పిలగానికి చెప్పు."

"చెప్పాను."

"మంచిగ జేసినవ్."

బండ ఊడ్చిపెట్టమని ఎవరు చెప్పారని అడిగాను. "మిషిని గాలికే పెచ్చులు లేస్తయి. నీది ఇంకా పెద్ద పంక గద" అంది. తర్వాత గుంట అంచుకు తీసుకుపోయి ఒక రాయి విసిరింది. పైపొర పగిలి, చప్పుడు లేకుండా రాయి లోపలికి పోయింది. ఆ చిల్లు మెల్లగా పూడుకుంది. మళ్ళీ అదే తెల్లని చదును. పక్కనే నిలబడి చూసినా నాకు తేడా తెలియలేదు.

ఇప్పుడు మళ్ళీ ఎగురుతున్నాను. కింద నుంచి ఫోన్ రాగానే ముందు అడిగేది ఒకటే: "ఆ నేల మీద రోజూ పనిచేసేవాళ్ళు ఎవరున్నారు? ఫోన్ వాళ్ళకివ్వండి." ఆ తర్వాతే రెండు చుట్లూ తిరుగుతాను.

మా రిపోర్టు ఫారంలో "నేలను పరీక్షించినది" అని ఒక గడి ఉంటుంది. అందరం అందులో మా పేరే రాసుకుంటాం. 2022 నాటి రిపోర్టు సరిచేసినప్పుడు ఆ గడిలో నా పేరు కొట్టేసి సాయమ్మ పేరు రాశాను. హోదా దగ్గర కాసేపు ఆలోచించి, "మంజుల తల్లి" అని రాశాను.