జోగమ్మ కుడి చెవి

2004 ఫిబ్రవరి. తిరుమలాయపాలెం అవతల ఒక ఊళ్ళో, రోడ్డు పక్క కిరాయి గదిలో నా ఆయుర్వేద క్లినిక్ ఉండేది. మిర్చి కోతల కాలంలో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది ఆ ఊరివాళ్ళు కాదు. భద్రాచలం అవతలి అడవి పల్లెల నుంచి ట్రాక్టర్లలో వచ్చి, చేను గట్టున టార్పాలిన్ గుడారాలు వేసుకుని, కోత అయ్యేదాకా ఉండి వెళ్ళే కోయవాళ్ళు. జోగమ్మ వాళ్ళలో ఒకామె.

ముప్పై అయిదేళ్ళుంటాయేమో. యారాలు, అంటే తోడికోడలు, రాములమ్మ వెంట లేనిదే వచ్చేది కాదు. ఎందుకో మొదటి రోజే తెలిసింది. నేనేం అడిగినా జోగమ్మ నా పెదాల వైపు చూసేది. రాములమ్మ ఆమె కుడి చెవి దగ్గర నోరు పెట్టి అదే మాట మళ్ళీ చెప్పేది.

"ఎడమది చిన్నప్పుడే చీము కారి పోయింది సారూ. గీ ఒక్కటే మిగిలింది. ఇది గూడ పోతే నేను తిట్టే తిట్లన్నీ గాలికే పోతయి" అంది రాములమ్మ.

జోగమ్మ నవ్వలేదు. "కోతకొచ్చినప్పుడల్ల ముక్కు బిగిస్తది, చెవి మూసుకపోతది, లోపల పొడుస్తది. ఇంటికాడ ఏం ఉండదు సారూ. ఈడికొస్తెనే" అంది.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగి ఆలోచించవలసింది. ఆగలేదు. నీళ్ళు మారి జలుబు చేసింది, జలుబు వల్ల చెవిపోటు అని తేల్చేశాను. అందులో సగం నిజమే. ముక్కు వెనక నుంచి చెవి లోపలికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. యూస్టేషియన్ ట్యూబ్ అంటారు. జలుబుతో అది పూడుకుపోతే చెవి దిబ్బడ వేసి నొప్పి పెడుతుంది. బిల్వతైలం గోరువెచ్చగా చేసి ఆమె చెవిలో పోశాను. మా శాస్త్రంలో దీన్ని కర్ణపూరణం అంటాం. జోగమ్మ కళ్ళు మూసుకుని "హాయిగున్నది" అంది.

నూనె సీసా, దూది ఇచ్చి, రెండు పూటలా దూదిని వత్తి చేసి, నూనెలో ముంచి చెవిలో పెట్టుకోమన్నాను. పెరుగు, చేపలు మానేయమన్నాను. చెవి లోపల చూసే ఆటోస్కోప్ నా బల్ల సొరుగులోనే ఉంది. దాని కొనన ఉండే చిన్న బల్బు వెలగాలంటే సెల్లులు వేయాలి. అవి ఎప్పుడో అయిపోయాయి. నేను కొనలేదు. చూడకుండానే పోశానన్నమాట.

వారం తర్వాత ఇద్దరూ మళ్ళీ వచ్చారు. నొప్పి ఎక్కువైంది.

"నువ్వు పోస్తె మంచిగనే ఉంటది. గుడారంల నేను పెట్టుకుంటె మండుతది" అంది జోగమ్మ.

"పెరుగు తిన్నవు గదా?"

"మాకు పెరుగేడిది సారూ? బర్లున్నయా?"

"మరి చేపలు?"

"చేపలే దొరికితే ఫీజు కింద నీకే తెద్దుము గద!" అంది రాములమ్మ.

బల్లల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "పథ్యం చెయ్యకుండ మందును తప్పు పట్టొద్దు" అని అందరికీ వినబడేలా కోప్పడ్డాను. నూనె వత్తి ఇకమీద నాలుగు పూటలు పెట్టుకోమన్నాను.

మూడోసారి వాళ్ళు చేలోంచి నేరుగా వచ్చారు. చెవి తమ్మె ముట్టుకుంటేనే జోగమ్మ విలవిలలాడింది. చేతి గడియారం విప్పి ఆ కుడి చెవి దగ్గర పెట్టాను. "ఇనబడుతుందా?" ఆమె గడియారాన్ని కాదు, నా పెదాలను చూస్తోంది. రాములమ్మ ఈసారి హాస్యమాడలేదు. "నిన్న గుడారంలకు పాము జొరబడ్డది సారూ. అందరం అరుసుకుంట ఉరికినం. ఇది అటు మళ్ళి బియ్యం ఏరుకుంటనే కూసున్నది."

నాకు భయం వేసింది. అయినా అహం పోలేదు. ఆమె తప్పేదో పట్టుకుందామనే "దూది ఎట్ల పెట్టుకుంటున్నవో చూపియ్యి" అన్నాను. జోగమ్మ కొళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, శ్రద్ధగా వత్తి చేసింది. గట్టిగా చుట్టిందని ఆమె చేతిలోంచి తీసుకుని, విప్పి, నేను మళ్ళీ చుట్టి చూపించాను. ఆ పనిలో నుదుటి చెమట కంట్లోకి జారితే వేలితో తుడుచుకున్నాను.

నిప్పు పడ్డట్టయింది. కేకవేసి కొళాయి దగ్గరికి పరుగెత్తాను. వెనక గదంతా నవ్వు.

"మిరప చేతులు సారూ! ఉత్త నీళ్ళకు పోతదా అది?" అంటోంది రాములమ్మ.

మొహం మీద నీళ్ళు కారుతుండగా ఒంటికన్నుతో వెనక్కి తిరిగాను. జోగమ్మ ఇంకో వత్తి చుట్టి చెవి దాకా తీసుకెళ్ళింది. "ఆపు!" అని అరిచాను. ఆమెకు వినబడలేదు. పోయి చెయ్యి పట్టుకున్నాను.

మిరప ఘాటు నూనెలో కరిగినంతగా నీళ్ళలో కరగదు. పొద్దంతా కాయలు కోసిన వేళ్ళతో చుట్టిన వత్తి ఆ ఘాటును చెవిలోకి మోసుకుపోతోంది. నేను రెండు పూటలన్నది నాలుగు పూటలు చేశాను. ఇక ఆ జలుబు నీళ్ళ వల్ల కాదు, కల్లంలో మిర్చి ధూళి వల్ల. ఇంటికాడ ఏం ఉండదని ఆమె మొదటి రోజే చెప్పింది.

"తప్పు నీ పథ్యంల లేదు జోగమ్మా, నాదే" అన్నాను, కోప్పడినంత గట్టిగానే. రాములమ్మ ఆ మాటను జోగమ్మ చెవిలో చెప్పింది, అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువ గట్టిగా.

అంతవరకు నేను ఒక్క రోగినీ ఇంగ్లీషు వైద్యానికి పంపలేదు. పంపితే నా చేతిలో ఏం లేదనుకుంటారని భయం. మర్నాడు జోగమ్మను బస్సులో నేనే ఖమ్మం తీసుకెళ్ళి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాను. చెవి దారి వాచి పుండైంది కానీ, లోపలి పొర చిరగలేదన్నాడు. ఇంకా ఆలస్యం చేస్తే చెప్పలేమన్నాడు. "ఈ నూనె ఎవరు పోశారు?" అని అడిగితే "నేనే" అన్నాను. ఆయన శుభ్రం చేసి, చుక్కల మందు రాసి, చెవిలో నూనె, నీళ్ళు పడనివ్వొద్దన్నాడు. ముక్కు సంగతి నేను చూసుకున్నాను. వావిలాకు ఆవిరి పట్టించి, కషాయం ఇచ్చాను. మిర్చి దగ్గరున్నంతసేపు ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాను. పని దిగాక చేతులకు నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడిగితేనే మొహం ముట్టుకోవాలన్నాను. గుడారాలవాళ్ళంతా ఆ పద్ధతి పట్టారు.

కోతలు ముగిసేసరికి జోగమ్మ గడియారం చప్పుడు విని, అలాగే నిలబడి కాసేపు వింది. నా వృత్తిలో గర్వంగా చెప్పుకునే కేసు ఇదే. మందు ఇచ్చినందుకు కాదు, ఇస్తున్న మందును ఆపగలిగినందుకు. ఆటోస్కోప్‌లో సెల్లులు ఆ వారమే వేశాను. ఈనాటికీ చెవిపోటని ఎవరొచ్చినా ముందు చేతులు చూపించమంటాను, తర్వాతే చెవి చూస్తాను. రోగి చెప్పిన మాట నా నిర్ణయానికి పొసగకపోతే, మార్చుకోవలసింది నా నిర్ణయాన్నే అనుకుంటాను.

మరుసటి ఏడు కోతలకు వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి నడుం నొప్పి రాములమ్మకు. జోగమ్మ నాకు వీపు పెట్టి గడపలో నిలబడి, ట్రాక్టరు కోసం చూస్తోంది. నేను గొంతు తగ్గించి, "మీ యారాలి చెవి నా చేతుల పోవాల్సింది" అన్నాను.

రాములమ్మ నోరు తెరిచేలోపే గడప దగ్గర నుంచి, వెనక్కి తిరగకుండానే, జవాబు వచ్చింది.

"పోలేదు గద సారూ."